సుంకం గేటు ఎక్కడ పెడతారు?

2025 జులైలో ఒకరోజు పొద్దున బెంగళూరు మారతహళ్లిలో నేను రోజూ తినే ఇడ్లీ బండి దగ్గరికి వెళ్తే, అద్దానికి అంటించి ఉండే క్యూఆర్ స్టిక్కర్ లేదు. దాని జిగురు మరక మాత్రం ఉంది. "క్యాష్ ఉంటే ఇయ్యి తమ్ముడూ, ఫోన్‌పే తీసేసినా" అన్నాడు బండాయన. ఆయనది మదనపల్లె. నా దగ్గర నోటు లేదు. ఏటీఎం దాకా వెళ్లి ఐదొందలు తెచ్చిస్తే, చిల్లర లేదని ఆయనకు విసుగు. చివరికి రేపిస్తానని చెప్పి వచ్చేశాను. నలభై రూపాయల ఇడ్లీ అప్పు పెట్టి తినడం కాలేజీ రోజుల తర్వాత అదే మొదటిసారి.

ఆ వారం బెంగళూరులో ఎక్కడ చూసినా "నో యూపీఐ, ఓన్లీ క్యాష్" అని అట్టముక్కల మీద రాసి వేలాడదీశారు. కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ 2021-22 నుంచి 2024-25 దాకా యూపీఐ లెక్కలు తెప్పించుకుంది. ఏడాదికి 40 లక్షలకు పైగా డబ్బు అందుకుని కూడా జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని చిన్న వ్యాపారులకు వేల సంఖ్యలో నోటీసులు పంపింది. హావేరిలో కూరగాయలు అమ్మే ఒకాయనకు నాలుగేళ్లలో వచ్చిన 1.63 కోట్ల రూపాయలకు 29 లక్షలు కట్టమని నోటీసు వచ్చింది. 18 శాతం లెక్కన వేశారన్నమాట. తాజా కూరగాయల మీద అసలు జీఎస్టీయే లేదు. గొడవ పెద్దదయ్యాక, జులై 23న వ్యాపారులతో మాట్లాడిన ముఖ్యమంత్రి సిద్ధరామయ్య, పాత బకాయిలు వసూలు చేయబోమని, కానీ పరిమితి దాటినవాళ్లు రిజిస్ట్రేషన్ చేసుకోవాల్సిందేనని చెప్పారు.

మా బండాయనకు నోటీసు రాలేదు. భయం మాత్రం వచ్చింది.

ఆ భయం ఉత్తుత్తిది కాదు. సరుకులు అమ్మేవాళ్లకు ఏడాదికి 40 లక్షలు, సేవలు అందించేవాళ్లకు 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వండి వడ్డించడం చట్టం లెక్కలో సేవ. 20 లక్షలను 365తో భాగిస్తే రోజుకు 5,480 రూపాయలు. నలభై రూపాయల ప్లేటు చొప్పున 137 ప్లేట్లు. చుట్టూ పీజీ హాస్టళ్లు ఉన్న వీధిలో 137 ప్లేట్లు పొద్దున తొమ్మిదిన్నరకే అయిపోతాయి. ఈ 20 లక్షలు లాభం కాదు, మొత్తం అమ్మకం. పిండి, నూనె, గ్యాసు, కుర్రాడి జీతం, స్థలానికి కట్టేది అంతా పోగా చేతికి వచ్చేది వేరు. టీవీ చర్చల్లో ఈ రెండింటినీ కలిపేసి "ఇడ్లీ బండి లక్షాధికారి" అని మాట్లాడినవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండింది. ఇంకో చిక్కు కూడా ఉంది. అదే క్యూఆర్‌లోకి చీటీ పాట డబ్బులూ వస్తాయి, బామ్మర్ది తిరిగిచ్చిన అప్పూ వస్తుంది. ఫోనుకు అవన్నీ ఒకటే.

ఇంతకాలం కనపడని బండి ఉన్నట్టుండి ప్రభుత్వానికి ఎలా కనపడింది? పన్నుల వ్యవహారం అర్థం కావాలంటే ఈ ప్రశ్న దగ్గర మొదలుపెట్టడం మంచిదని నాకనిపిస్తుంది.

పూర్వం సుంకం గేటు పొలాల మధ్య పెట్టేవాళ్లు కాదు. కనుమ దగ్గరో, రేవు దగ్గరో, సంతకు పోయే దారిలోనో పెట్టేవాళ్లు. ఎడ్లబండి పక్కదారిన తప్పించుకోలేని చోటు అది. ఇప్పటి ప్రభుత్వాలు చేసేదీ అదే. ఎవరి దగ్గర ఎక్కువ ఉంది, ఎవరి దగ్గర తీసుకోవడం న్యాయం అని పుస్తకాల్లో చర్చిస్తారు. ఆచరణలో ముందు చూసేది డబ్బు ఏ ఇరుకు దారిలోంచి పోతోంది, అక్కడ లెక్క రాసిపెట్టే మనిషి ఎవరున్నారు అని. యూపీఐ రాకముందు ఇడ్లీ బండి దగ్గర అలాంటి ఇరుకు దారి లేదు. వచ్చాక ఏర్పడింది.

అన్నిటికంటే ఇరుకు దారి మన జీతం. బెంగళూరులో ఉద్యోగం చేసే తెలుగువాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు, పే స్లిప్పే చెబుతుంది. కంపెనీ జీతం ఇచ్చే ముందే అందులోంచి ఆదాయపు పన్నును టీడీఎస్ పేరుతో పట్టుకుని ప్రభుత్వానికి కట్టేస్తుంది. వసూలు చేసి పెట్టినందుకు కంపెనీకి జీతమేమీ లేదు. కట్టకపోతే మాత్రం జరిమానా దానికే. మన దేశంలో ఆదాయపు పన్ను 1860లో మొదలైంది. 1857 తిరుగుబాటును అణచడానికి అయిన ఖర్చుతో ఖజానా ఖాళీ అయితే, అప్పటి ఆర్థిక సభ్యుడు జేమ్స్ విల్సన్ దీన్ని తెచ్చాడు. ఇప్పుడీ పన్ను వ్యవసాయ ఆదాయాన్ని తాకదు; దాని మీద పన్ను వేసే అధికారం మన రాజ్యాంగం రాష్ట్రాలకే ఇచ్చింది. రాష్ట్రాలు ఓట్లకు భయపడి ఆ జోలికి పెద్దగా పోవు.

ఒక లెక్క వేద్దాం, తర్వాత పనికొస్తుంది. 2025-26లో ఆదాయపు పన్ను కొత్త విధానంలో ఏడాదికి 16,75,000 జీతం ఉన్న ఒక ఇంజినీరు. జీతగాళ్లకు పన్ను లెక్కలోంచి తీసేసే స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోతే 16 లక్షలు. మొదటి 4 లక్షలకు పన్ను లేదు. తర్వాతి 4 లక్షలకు 5 శాతం, అంటే 20,000. ఆ తర్వాతి 4 లక్షలకు 10 శాతం, 40,000. చివరి 4 లక్షలకు 15 శాతం, 60,000. మొత్తం 1,20,000. దాని మీద 4 శాతం ఆరోగ్య, విద్యా సెస్సు, అంటే ఒక పని పేరు చెప్పి పన్ను మీద వేసే అదనపు పన్ను, 4,800. "హైక్ వస్తే శ్లాబు మారిపోయి మొత్తం జీతం మీద ఎక్కువ పన్ను పడుతుంది" అని ఆఫీసు క్యాంటీన్లో ఇప్పటికీ వింటుంటాను. ఎక్కువ రేటు పడేది ఆ గీత దాటిన డబ్బుకే.

పే స్లిప్పులో ఇంకో చిన్న గీత ఉంటుంది: ప్రొఫెషనల్ ట్యాక్స్. అది కర్ణాటక ప్రభుత్వానిది. రాజ్యాంగంలోని 276వ అధికరణం దానికి ఏడాదికి 2,500 రూపాయల గరిష్ఠ హద్దు పెట్టింది. 1988లో పెట్టిన హద్దు అది, ఇప్పటికీ మారలేదు. నెలకు 200 చొప్పున పట్టుకుంటే 2,400 అవుతుంది కదా, మిగిలిన వందను ఎందుకు వదలాలని కర్ణాటక 2025-26 నుంచి ఫిబ్రవరి నెలలో 300 పట్టుకుంటోంది. ఖజానా వాళ్ల చిల్లర లెక్క ఇంత గట్టిగా ఉంటుంది.

ఇప్పుడు జీఎస్టీ. 2017 జులై 1న వచ్చింది. దీన్ని తిట్టేవాళ్లలో చాలామంది ఇందులోని తెలివైన కిటుకును గమనించరు. ఒక మిక్సీని చూడండి. తయారుచేసేవాడు దుకాణానికి 2,000 రూపాయలకు అమ్మి, 18 శాతం కింద 360 వసూలు చేస్తాడు. దుకాణదారు దాన్ని మనకు 3,000కు అమ్మి 540 పన్ను తీసుకుంటాడు. కానీ ప్రభుత్వానికి 540 కట్టడు. తాను ముందే ఇచ్చిన 360 తీసేసి మిగిలిన 180 మాత్రమే కడతాడు. దీన్నే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ అంటారు. ఆ 360 తగ్గాలంటే తయారీదారు ఇచ్చిన బిల్లు ఉండాలి, తయారీదారు ఆ అమ్మకాన్ని ప్రభుత్వానికి పంపే తన లెక్కలో (రిటర్నులో) చూపించి ఉండాలి. అంటే "బిల్లు ఇవ్వు" అని ప్రభుత్వం తరఫున దుకాణదారే తయారీదారును పీడిస్తాడు. గొలుసులో ప్రతి కొనేవాడూ అమ్మినవాడి మీద కాపలా ఉంటాడు. ఇన్‌స్పెక్టర్ వీధి వీధి తిరగాల్సిన పని తగ్గుతుంది.

ఈ గొలుసు తెగేది చివర్లో, మన దగ్గర. మిక్సీ ఇంటికి కొనుక్కున్న నాకు క్రెడిట్ రాదు. అందుకే "బిల్లు వద్దంటే మూడొందలు తగ్గిస్తా సార్" అని కొట్టువాడు అంటే నాకు నోరూరుతుంది. చివరి లింకు దగ్గర ప్రభుత్వానికి సాక్షి లేడు. 2025లో బెంగళూరులో జరిగిందేమిటంటే, ఆ సాక్షి ఫోను రూపంలో దొరికాడు.

రిజిస్ట్రేషన్ లేనివాడు పన్నే కట్టడం లేదనుకుంటే పొరపాటు. మా బండాయన వాడే కమర్షియల్ గ్యాస్ సిలిండర్ మీద 18 శాతం జీఎస్టీ ఉంది. గ్రైండర్ మీద ఉంది, నూనె మీద 5 శాతం ఉంది. క్రెడిట్ తీసుకునే వీలు లేదు కాబట్టి అదంతా ఇడ్లీ ధరలో కలిసిపోయి మన కడుపులోకి వస్తుంది. హోటల్లో బిల్లు మీద కనిపించే 5 శాతం కేంద్రానికి రెండున్నర, రాష్ట్రానికి రెండున్నర అని విడిపోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 12, 28 శాతం శ్లాబులు తీసేసి ముఖ్యంగా 5, 18 ఉంచారు, విలాస, హానికర వస్తువులకు 40 పెట్టారు. హోటల్ తిండి మాత్రం 5 లోనే ఉంది.

జీఎస్టీలో ఇంకో మెలిక బెంగళూరుకు బాగా వర్తిస్తుంది. ఈ పన్ను వస్తువు తయారైన చోటుకు కాదు, వాడిన చోటుకు చెందుతుంది. ఇక్కడ తయారైనది విజయవాడలో అమ్ముడైతే రాష్ట్రం వాటా ఆంధ్రప్రదేశ్‌కు పోతుంది. విదేశాలకు పోతే ఎవరికీ రాదు, ఎగుమతుల మీద జీఎస్టీ సున్నా. అంటే వైట్‌ఫీల్డ్ అద్దాల మేడల్లో తయారై అమెరికాకు పోయే సాఫ్ట్‌వేర్ మీద జీఎస్టీ రూపాయి కూడా లేదు. ఆ మేడల్లోంచి సాయంత్రం బయటికొచ్చే మనుషుల జీతం, పెట్రోలు, బీరు, ఫ్లాటు మీదే ఈ ఊరి పన్నంతా.

పెట్రోలు, మద్యం ఈ రెండూ జీఎస్టీలో లేవు. ఎందుకు లేవో కారణం సూటిగానే ఉంది: జీఎస్టీ వచ్చాక రాష్ట్రాలు తమంతట తాము పెంచుకోగలిగేవి కొన్నే మిగిలాయి, వాటిని వదులుకోవడానికి ఎవరూ సిద్ధంగా లేరు. 2024 జూన్‌లో లోక్‌సభ ఎన్నికలు ముగిసిన కొద్ది రోజులకే కర్ణాటక పెట్రోలు మీద అమ్మకం పన్ను 25.92 నుంచి 29.84 శాతానికి పెంచింది. ఎన్నికలకు ముందు పెంచరు, అది మనకూ తెలుసు, వాళ్లకూ తెలుసు. అయినా ఆంధ్ర కంటే ఇక్కడే చవక. ఆంధ్రలో అమ్మకం పన్ను (వ్యాట్) 31 శాతం, దాని పైన లీటరుకు 4 రూపాయలు, ఆ పైన రోడ్డు సెస్సు రూపాయి. అందుకే అనంతపురం వెళ్లే మావాళ్లు బాగేపల్లి దాటకముందే ట్యాంకు నింపుకుంటారు. తిరుగు ప్రయాణంలో ముల్లు ఎర్ర గీత మీద ఊగుతుంటే "బోర్డరు దాటనీ" అంటూ ఏసీ ఆపేసి వస్తారు. పక్క రాష్ట్రం బంకు దగ్గరగా ఉన్నంతకాలం ఏ రాష్ట్రమైనా కొంతవరకే పెంచగలదు.

మద్యం కథ కూడా అలాంటిదే. డిస్టిలరీలు కొన్నే, గోడౌన్లు కొన్నే, గేటు పెట్టడం తేలిక. ధర పెరిగినా తాగేవాళ్లు మానరు. 4,09,549 కోట్ల 2025-26 కర్ణాటక బడ్జెట్లో ఎక్సైజు, అంటే మద్యం సుంకం, లక్ష్యం 40,000 కోట్లు. రూపాయిలో దాదాపు పది పైసలు సీసాలోంచి రావాలి. ఒకచేత్తో మద్యపానం హానికరం అని బోర్డు పెట్టి, ఇంకో చేత్తో లక్ష్యం కంటే వసూలు తగ్గిందేమని అధికారులను నిలదీసే ప్రభుత్వాన్ని చూస్తే నవ్వొస్తుంది. ఆంధ్ర, తెలంగాణలు ఇందులో వెనకబడిందేమీ లేదు.

ఇక ఫ్లాటు. ఇక్కడ గేటు దగ్గరికి మనమే నడిచి వెళ్తాం. రిజిస్ట్రేషన్ కాకపోతే ఇల్లు మనది కాదు, బ్యాంకు లోను ఇవ్వదు. 45 లక్షలు దాటిన ఆస్తికి స్టాంపు డ్యూటీ 5 శాతం. రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం ఉండేది, 2025 ఆగస్టు 31 నుంచి 2 శాతం చేశారు. 80 లక్షల ఫ్లాటుకు స్టాంపు డ్యూటీ 4 లక్షలు, ఫీజు 80 వేల నుంచి లక్షా అరవై వేలు అయింది. సెస్సు, సర్‌ఛార్జీ అదనం. ఇదంతా రాష్ట్రానికి. రోడ్డు గుంతలు పూడ్చాల్సిన నగరపాలక సంస్థకు మిగిలేది ముఖ్యంగా ఏడాదికోసారి కట్టే ఆస్తి పన్ను. దాన్ని కూడా యజమాని తానే లెక్కేసుకుని కట్టాలి, ఏప్రిల్‌లో కడితే 5 శాతం తగ్గింపు. 2025 సెప్టెంబరులో ఊరంతటికీ ఒకటే ఉన్న నగరపాలక సంస్థ బీబీఎంపీ పోయి ఐదు కార్పొరేషన్లు వచ్చాయి, ఆదాయం తీరు మాత్రం అదే.

ఇల్లు కదలదు కాబట్టి దాని మీద పన్ను తప్పించుకోలేరని అంటారు. తెలుగువాళ్లు దాన్నీ తలకిందులు చేసి చూపించారు. చీరాల, పేరాలను కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచితే, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో వేలమంది ఇళ్లు వదిలేసి, ఊరి హద్దు బయట రామ్‌నగర్ పేరుతో పాకలు వేసుకుని పదకొండు నెలలు ఉన్నారు. ఇళ్లున్నాయి, కట్టే మనుషులు లేరు.

కదిలే ఆస్తుల్లో కారు ఒకటి. ఏపీ 39, టీజీ నంబరు బండ్లు బెంగళూరు సిగ్నళ్ల దగ్గర ఎన్ని కనిపిస్తాయో లెక్కలేదు. కర్ణాటకలో కారు లైఫ్ ట్యాక్స్ దేశంలోనే ఎక్కువ ఉన్నవాటిలో ఒకటి, 20 లక్షలు దాటిన కారుకు 18 శాతం. సొంతూళ్లో కొని తెచ్చుకుంటే ఏడాది దాటాక ఇక్కడ మళ్లీ కట్టాలి. ఆ ఏడాది ఎప్పుడు మొదలైందో నిరూపించడం దగ్గరే రోడ్డు మీద వాదనంతా.

సరే, ఇంతా కట్టిన డబ్బు ఎటు పోతుంది? ఇందాకటి ఇంజినీరు లెక్కకు తిరిగి వద్దాం. 1,24,800లో 4,800 సెస్సు పూర్తిగా కేంద్రానిదే. సెస్సులు, సర్‌ఛార్జీలు రాష్ట్రాలతో పంచుకోనక్కర్లేదు. మిగిలిన 1,20,000లో, వసూలు ఖర్చును పక్కనపెడితే, 41 శాతం అన్ని రాష్ట్రాలదీ: 49,200. దాన్ని, కేంద్ర పన్నుల్లో ఏ రాష్ట్రానికెంతో తేల్చే ఆర్థిక సంఘాల్లో 15వది 2021-26 కాలానికి చెప్పిన నిష్పత్తిలో పంచితే ఉత్తరప్రదేశ్‌కు 8,826, బిహార్‌కు 4,949, ఆంధ్రప్రదేశ్‌కు 1,991, తెలంగాణకు 1,034 వస్తాయి. ఆయన ఉంటున్న కర్ణాటకకు 1,794. అంతకుముందు సంఘం కాలంలో కర్ణాటక వాటా 4.713 శాతం ఉండేది, అది 3.647కు పడిపోయింది. "నన్న తెరిగె, నన్న హక్కు", అంటే నా పన్ను నా హక్కు అంటూ 2024 ఫిబ్రవరిలో సిద్ధరామయ్య మంత్రులతో కలిసి ఢిల్లీ జంతర్‌మంతర్ దగ్గర ధర్నా చేసింది ఈ కోపంతోనే.

నా అభిప్రాయం అడిగితే, ఆ కోపంలో సగం న్యాయం. సెస్సుల సంగతి నిజంగా అన్యాయం. 2025 ఏప్రిల్ పెంపు తర్వాత లీటరు పెట్రోలు మీద కేంద్ర ఎక్సైజు 21 రూపాయల 90 పైసలు అయింది. అందులో రాష్ట్రాలతో పంచుకోవాల్సింది ఒక రూపాయి నలభై పైసలే. మిగతాదంతా సెస్సు, ప్రత్యేక సుంకం అని పేరు మార్చి పక్కన పెట్టుకున్నారు. కానీ "కట్టినవాడికే తిరిగి రావాలి" అనే రెండో సగంతో నాకు పేచీ ఉంది. 15వ ఆర్థిక సంఘం పంపకం సూత్రంలో 45 శాతం బరువు తలసరి ఆదాయం తక్కువ ఉన్న రాష్ట్రాల వైపు మొగ్గింది, నిజమే. అలా మొగ్గకూడదంటే, రేపు బెంగళూరు ఇదే రాష్ట్రంలో వెనకబడిన కలబురగికి ఏమీ ఇవ్వనంటుంది. అసలు నా సంగతే చూడండి. నా ఇంజినీరింగ్ ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇచ్చింది ఆంధ్ర ప్రభుత్వం. నా ప్రొఫెషనల్ ట్యాక్స్, నా పెట్రోలు, నా ఫ్లాటు స్టాంపు డ్యూటీ తీసుకుంటున్నది కర్ణాటక. ఈ పన్ను ఎవరి హక్కని కొట్లాడుకోవాలి?

పన్నులొక్కటే చాలవన్నది కూడా మరచిపోకూడదు. 2025-26 కేంద్ర బడ్జెట్లో ప్రతి రూపాయి రాబడిలో 24 పైసలు అప్పు. ఆదాయపు పన్ను 22, జీఎస్టీ 18, కంపెనీల పన్ను 17. ఖర్చు వైపు 20 పైసలు పాత అప్పుల వడ్డీకే పోతాయి. కంపెనీల కంటే మనుషులు ఎక్కువ కడుతున్నారన్నది అందులో నన్ను ఆపిన అంకె. 2019లో కంపెనీల రేటును 22 శాతానికి తగ్గించారు. కంపెనీ కావాలంటే ఇంకో దేశానికి పోతానని బెదిరించగలదు. నెల జీతగాడు ఎక్కడికి పోతాడు, మహా అయితే సొంతూరికి.

మా వీధి బండి మీద స్టిక్కర్ దసరాకు ముందే మళ్లీ వచ్చింది. క్యాష్ అంటే పీజీ పిల్లలు ఎదుటి బండికి పోతున్నారని ఆయన బాధ. ఎవరో ఆడిటర్ని కలిసి జీఎస్టీలో చిన్న వ్యాపారులకు ఉన్న కాంపోజిషన్ స్కీమ్‌లో చేరాడు. అందులో ప్రతి ప్లేటుకూ బిల్లు, క్రెడిట్ లెక్కలు ఉండవు. మొత్తం అమ్మకం మీద 5 శాతం మూడు నెలలకోసారి కడితే సరిపోతుంది. 20 లక్షలకు లక్ష, రోజుకు 274 రూపాయలు. అయితే ఆ పన్నును కస్టమర్ దగ్గర విడిగా వసూలు చేయకూడదు, జేబులోంచి కట్టాలి.

ఆ 274 ఎవరి జేబులోంచి వస్తుందో చట్టం చెప్పదు. ధర పెంచితే మా జేబు, కుర్రాడి జీతం తగ్గిస్తే వాడి జేబు, ఏమీ చేయకపోతే ఆయన జేబు. ఎదుటి బండిలో ప్లేటు నలభైయే కాబట్టి ధర పెంచలేదు. కుర్రాడు సొంత అక్క కొడుకు, వాడి జోలికి పోలేదు. ఇదివరకు రెండోసారి పల్లీ చట్నీ అడిగితే గిన్నె వంచి పోసేవాడు. ఇప్పుడు చెంచాతో వేస్తున్నాడు.